పుచ్చలపల్లి సుందరయ్య - తెలంగాణపు గ్రామరాజ్యములు

రాజుల చరిత్ర వ్రాయువారికి శాసనములు కలవు, కైఫీయతులు కలవు, విదేశ యాత్రికుల వ్రాతలు కలవు. కాని ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున తెలుగునేలపై సుమారు మూడువేల గ్రామములలో, కొన్నియెడల ఏడాదియు మరికొన్నియెడల ఏడాదిన్నరయు నడచిన పరిపాలన యొకటి కలదు. దానికి సింహాసనము లేదు, ఖజానా లేదు, ముద్ర లేదు. ఒక్క శాసనమైనను అది వేయింపలేదు. ఆ పరిపాలనకు ప్రజలు పెట్టుకొనిన పేరు ‘గ్రామరాజ్యము’. దానిని నడిపిన పార్టీకి ప్రజలు పెట్టుకొనిన పేరు ‘సంగము’. దానికి నాయకులైనవారిలో అగ్రగణ్యుడు పుచ్చలపల్లి సుందరయ్య. అంతేకాక, ఆ గ్రామరాజ్యముల చరిత్రను సమగ్రముగ వ్రాసి పెట్టినవాడును ఆయనయే. నాయకుడే చరిత్రకారుడగుట మన దేశమున అరుదు. అందువలన కలుగు లాభమెంతయో చిక్కును అంతయే. ఈ రెండింటిని దృష్టియందుంచుకొని ఆయన జీవితమును, ఆ ‘రాజ్యము’ తీరును పరిశీలింపవలసి యున్నది.

సుందరయ్య 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతములోని అలగానిపాడు గ్రామమున జన్మించెను. తండ్రి వెంకట్రామిరెడ్డి, తల్లి శేషమ్మ. అది భూవసతిగల కుటుంబము. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులమును సూచించు ఆ చివరి మాటను ఆయన తరువాత తానే విడిచిపెట్టెను. ఆరేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. అక్క, బావల యింట పెరుగుచు, బావగారి ఉద్యోగరీత్యా తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసులలో చదువు సాగించెను. మద్రాసు లయోలా కళాశాలలో చదువుచుండగా 1930లో గాంధీజీ శాసనోల్లంఘనమునకు పిలుపునిచ్చెను. పదునేడేండ్ల బాలుడు చదువు మాని ఉద్యమమున చేరి చెరసాల కేగెను.

ఆ చెరసాలనుండి వెలుపలికి వచ్చిన వెంటనే ఆయన కమ్యూనిస్టు కాలేదు. స్వగ్రామమునకు తిరిగి వచ్చి, పొలములలో పనిచేయు కూలీలను కూడగట్టెను. హరిజనులకు బావులయొద్ద నీరు తోడుకొను హక్కు కొఱకు, సహపంక్తి భోజనముల కొఱకు పాటుపడెను. చౌకధరలకు సరుకులిచ్చు అంగడిని, ఉచిత వైద్యసహాయమును ఏర్పాటు చేసెను. వ్యవసాయకూలీలకు ప్రత్యేకముగ సంఘముండవలెనను తలంపు ఆంధ్రదేశమున ఇంకను మొలకెత్తుచున్న దినములవి. కమ్యూనిస్టు సిద్ధాంతమును ఆయనకు పరిచయము చేసినవారిలో ముఖ్యుడు అమీర్ హైదర్ ఖాన్. ఓడలపై కళాసీగా ప్రపంచమంతయు తిరిగి, మాస్కోలో చదివి, మద్రాసు చేరి దక్షిణాదిని పార్టీకి బీజము వేసిన ఆ ఉత్తరదేశీయుడు 1932లో అరెస్టయ్యెను. ఆయన విడిచిన పని సుందరయ్య చేతికి వచ్చెను.

ఆ పని విస్తృతి నేటివారికి ఆశ్చర్యము కలిగింపక మానదు. 1934లో ఆంధ్రదేశమున కమ్యూనిస్టు పార్టీ ఏర్పడెను. 1936లో అఖిలభారత కిసాన్ సభ స్థాపితమైనపుడు ఇరువదిమూడేండ్ల సుందరయ్య దాని సంయుక్త కార్యదర్శులలో నొకడు. కేరళలో పి. కృష్ణపిళ్ళను, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాదును, తమిళదేశమున పి. రామమూర్తి, జీవానందము మున్నగువారిని పార్టీలోనికి చేర్చుటకు ఘాటేతో కలిసి పనిచేసినవాడు ఈ నెల్లూరివాడే. తెలుగువాడొకడు దక్షిణదేశమంతటికిని ఇట్టి సంధానకర్తయైన సంగతి మన చరిత్రగ్రంథములలో తగినంతగా చెప్పబడుట లేదు. 1943 ఫిబ్రవరిలో బొంబాయి పార్టీ కార్యాలయమున పనిచేయుచున్న లీలను ఆయన వివాహమాడెను. సంతానము కలిగినచో ప్రజాసేవకు అంతరాయమగునని ఇరువురును సంతానము వలదని నిశ్చయించుకొనిరి. పిత్రార్జితమైన ఆస్తిని ఆయన పార్టీకిని ప్రజలకును ఇచ్చివేసెను. ఈ విషయములను ఆయన అభిమానులు పురాణపురుషుని కథలవలె చెప్పుట వాడుక. కాని వీనిని ఆయన త్యాగములుగా లెక్కించినట్లు తోచదు. పనికి అడ్డువచ్చు వస్తువులను తొలగించుకొనుటగానే భావించెను.

ఇక తెలంగాణము. నిజాము రాజ్యమున భూమిలో పదింట ఆరుపాళ్లు దివానీ, అనగా ప్రభుత్వపు శిస్తుభూములు. తక్కిన నాలుగుపాళ్లలో కొంత నిజాము సొంత కమతమైన సర్ఫెఖాసు, మిగిలినది జాగీర్లు. దివానీ భూములలోనైనను రైతు సుఖముగ నుండెనని తలపరాదు. పూర్వము శిస్తు వసూలుచేయు దేశముఖులు, దేశపాండ్యాలు సర్వే సెటిల్మెంటుల కాలమున వేలకొలది ఎకరములు తమ పేర వ్రాయించుకొనిరి. విసునూరు దేశముఖు క్రింద అరువది గ్రామములలో నలువదివేల ఎకరములు, సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి క్రింద లక్షయేబదివేల ఎకరములు ఉండెనని సుందరయ్య లెక్కలు చెప్పుచున్నవి. ఆ భూములను మించి జనమును నలిపినది వెట్టి. చాకలి బట్టలుతుకుటకు, కుమ్మరి కుండలిచ్చుటకు, మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చుటకు, కూలివాడు ముందు దొర పొలము దున్ని పిదప తన పొలము దున్నుకొనుటకు కూలి లేదు. అధికారులు ఊరికి వచ్చినపుడు కోడి, గొఱ్ఱె, నెయ్యి, బండి అన్నియు ఊరివారే సమర్పింపవలెను. దొర గడిలో పనిచేయు ఆడపాపల గతి చెప్పనలవికానిది. గుత్తగా తీసిన ధాన్యమునకు నాగు కట్టి కట్టి తరతరములు అప్పు తీరనివారు ఊరూర నుండిరి.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమసభ జరిపిన ఆంధ్రమహాసభ మొదట భాష కొఱకు, గ్రంథాలయముల కొఱకు, పాఠశాలల కొఱకు విజ్ఞప్తులు పంపు విద్యావంతుల సంస్థ. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైన సభతో అది చీలిపోయి, యువకుల చేతికి చిక్కి, ఊరూర సభ్యత్వపు చీటీలు వ్రాయు రైతు సంస్థగా మారెను. అప్పటినుండియే దానికి ‘సంగము’ అను పేరు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలు పొలముపై పండిన పంటను విసునూరు దేశముఖు మనుషులు కోసుకొనిపోవ వచ్చినపుడు సంగము కార్యకర్తలు అడ్డుపడి పంటను ఆమె యింటికి చేర్చిరి. 1946 జూలై 4వ తేదీన కడివెండిలో ఊరేగింపుపై ఆ దేశముఖు మనుషులే తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య కూలెను. కొమరయ్య గొఱ్ఱెలకాపరుల యింటివాడు, ఐలమ్మ చాకలి యింటి స్త్రీ. ఈ పోరాటపు నాయకులలో పెక్కురు రెడ్డి, కమ్మ కుటుంబములవారు. సుందరయ్యయు అట్టివాడే. కాని పోరాటమునకు పేరు తెచ్చిన ఆరంభ ఘటనలలో నిలిచినవారు ఆ కులములవారు కారు. ఈ తారతమ్యమును గుర్తింపకుండ తెలంగాణపు చరిత్ర వ్రాయుట సరికాదు.

కొమరయ్య మరణవార్త గ్రామము నుండి గ్రామమునకు నడచినది. కఱ్ఱలు, వడిసెలలు, కారపుపొడి, ఇవే మొదటి ఆయుధములు. ఊరేగింపులు గడియెదుట నిలిచి, వెట్టి ఇక లేదని చాటి, ఎఱ్ఱజెండా పాతి వచ్చుచుండెను. 1947 ఆగస్టున ఆంగ్లేయులు వెడలిపోయినను నిజాము భారతదేశమున చేరక స్వతంత్రుడనని ప్రకటించుకొనెను. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు గ్రామములను తగులబెట్టనారంభించిరి. 1947 సెప్టెంబరు 11వ తేదీన రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీను సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. పారిపోయిన రైతులకు కృష్ణాజిల్లాలోని గ్రామములు, నల్లగొండ నడుమ ద్వీపమువలె బ్రిటిషు జిల్లాకు చెందియుండిన మునగాల పరగణా ఆశ్రయములైనవి. సుందరయ్య మొదలైన ఆంధ్ర నాయకుల వ్యవస్థ లేనిచో ఈ ఆశ్రయము లభించెడిది కాదు. ఇచట ఆయన దీర్ఘదృష్టి గమనింపదగినది. 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యము’ అను పుస్తకమును వ్రాసి, మద్రాసు రాష్ట్రములోని తెలుగువారిని నిజాము క్రింది తెలుగువారిని ఒకే రాష్ట్రముగ చేయవలెనని ఆయన కోరియుండెను. సరిహద్దుకు ఇరువైపుల నున్నది ఒకే జనమని నమ్మినవానికే ఆ సరిహద్దును సాధనముగ వాడుకొనుట తెలియును.

గ్రామరాజ్యములు విస్తృతముగ నెలకొన్నది 1947 చివరనుండి 1948 సెప్టెంబరు వరకు. నల్లగొండ, వరంగల్లు, నేటి ఖమ్మము ప్రాంతములలో సుమారు పదునాఱువేల చదరపుమైళ్ల విస్తీర్ణమున, ముప్పదిలక్షల జనాభాగల మూడువేల గ్రామములలో ప్రభుత్వపు నౌకరు కాలు పెట్టలేని స్థితి ఏర్పడెనని సుందరయ్య వ్రాసెను. దొరలు పట్టణములకు పారిపోయిరి, పటేళ్లు పట్వారీలు కొందఱు లొంగిరి, కొందఱు పారిరి. అట్లు ఖాళీయైన ఊరిని నడుపుటకు ఊరివారు సభ చేరి పంచాయతీ సంఘమును ఎన్నుకొనిరి. ఆ సంఘము మొదట చేసిన పని కాగితములను కాల్చుట. గడిలోని అప్పుపత్రములు, నాగు లెక్కలు ఊరి నడిబొడ్డున మంటలపాలయ్యెను. రెండవపని ధాన్యము పంచుట. మూడవది, అన్నిటికంటె కష్టమైనది, భూమి పంచుట.

భూమి పంపకము ఒక్కనాటి నిర్ణయము కాదు. మొదట బలవంతముగ గుంజుకొనిన భూములను యజమానులకు తిరిగి ఇప్పించిరి. పిదప బంజరులు, అడవి అంచుల పోడు భూములు పంచిరి. ఆ పిమ్మట భూస్వామి ఉంచుకొనదగిన పరిమితిని ఐదువందల ఎకరములని నిర్ణయించి, దానిని క్రమక్రమముగ తగ్గించి, తుదకు మెట్ట నూఱెకరములు, మాగాణి పదియెకరములకు దించిరి. మొత్తము పదిలక్షల ఎకరములు చేతులు మారినవి. పరిమితిని మొదటనే అంత క్రిందికి దింపక మెట్లుమెట్లుగ దింపుటలో నొక లెక్క కలదు. చిన్న భూస్వామి, ధనికరైతు రజాకార్లకు వ్యతిరేకముగ సంగమువైపు నిలిచియున్నంతకాలము వారిని దూరము చేసికొనరాదని నాయకుల యభిప్రాయము. అయితే ఇందువలన కూలివానికి చేరవలసిన మాగాణి చాలచోట్ల చేరనేలేదు. అతనికి లభించినది ఎక్కువగా బంజరు. కూలిరేటు హెచ్చెను, వెట్టి పోయెను, అది నిస్సందేహముగ గొప్ప మార్పు. అయినను గ్రామరాజ్యమున సైతము మంచిభూమి ఎవరియొద్ద నిలిచెనను ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు. సుందరయ్య తన గ్రంథమున ఈ లోపమును దాచలేదు.

న్యాయవిచారణయు ఊరిసంఘముల పనియే అయ్యెను. గట్టుతగాదాలు, నీటితగాదాలు, భార్యాభర్తల వివాదములు వాని యెదుటికి వచ్చుచుండెను. ఇష్టములేని పెండ్లినుండి స్త్రీకి విడుదల ఇచ్చిన తీర్పులు కలవు. అంటరానితనమును పాటింపరాదనియు, దళములలో అందఱును కలిసి భుజింపవలెననియు నియమము. గ్రామరక్షణకు పదివేలమంది వాలంటీర్లు, సంచారదళములలో రెండువేలమంది వఱకు నుండిరి. మల్లు స్వరాజ్యము, ఆరుట్ల కమలాదేవి వంటి స్త్రీలు ఆయుధము పట్టిరి. చైనాలో యెనాన్ ప్రాంతమున మావో నడిపిన విముక్త ప్రాంతముల వార్తలు అప్పటికి ఆంధ్ర నాయకులకు చేరియున్నవి. 1948లో ఆంధ్ర కమిటీ పార్టీ కేంద్రమునకు పంపిన పత్రము చైనా మార్గమునే మన దేశమునకు అనుసరణీయమని వాదించెను. రష్యా పద్ధతిలో పట్టణ కార్మికుల సమ్మెలతో విప్లవము వచ్చునని నమ్మిన బి.టి. రణదివె దానిని ఖండించెను. నల్లగొండ పల్లెలో జరిగిన పనిని బొంబాయిలోని కేంద్రము పుస్తకముల కొలతబద్దతో కొలిచెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

స్త్రీల విషయమున మరియొక మాట చెప్పక తప్పదు. పోరాటము ముగిసిన దశాబ్దముల పిమ్మట, 1986లో, స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథమున ఆ స్త్రీలే తమ కథలను చెప్పిరి. దళములలో తుపాకి పట్టినవారిని, రహస్యస్థావరములలో నెలలకొలది వండిపెట్టి కాపాడినవారిని, పోరాటము ఆగిన తరువాత ఇంటికి పోయి సంసారము చేసికొమ్మని పంపివేసిరని వారి వేదన. ఈ ఫిర్యాదుకు సుందరయ్య గ్రంథములో తగిన సమాధానము దొరకదు. ఆయన స్త్రీల వీరత్వమును ఆదరముతో వర్ణించెను. కాని వారు ఏమి ఆశించిరో ఆ గ్రంథమున తక్కువగా వినవచ్చును. నాయకుడు వ్రాసిన చరిత్రకు ఇది సహజమైన ఎల్ల.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించి, 17వ తేదీకి నిజామును లొంగదీసెను. రజాకార్ల పీడ తొలగినందుకు ప్రజలు సంతోషించిరి. ఆ సంతోషము నడుమనే పోరాటపు అసలు సమస్య తలయెత్తెను. తుపాకులు దింపవలెనా, వలదా? రావి నారాయణరెడ్డి మొదలగువారు దింపవలెననిరి. శత్రువు నిజాము, అతడు పడిపోయెను, భారత ప్రభుత్వముతో పోరుటకు ప్రజలు సిద్ధముగ లేరు, కొనసాగించినచో ఆంధ్రమహాసభ సంపాదించినదంతయు బుగ్గియగునని వారి వాదము. సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య ప్రభృతులు కొనసాగింపవలెననిరి. వారి కారణము కేవలము సిద్ధాంతము కాదు, భూమి. సైన్యము వెనుకనే పారిపోయిన దొరలు, ఈసారి ఖద్దరు టోపీలు ధరించి, ఊళ్లకు తిరిగివచ్చుచుండిరి. పంచిన పొలములను విడువుమని రైతులను అడుగుచుండిరి. ఆ క్షణమున తుపాకి దింపుట రైతును దొరకు అప్పగించుటయే యని సుందరయ్య జీవితాంతము వాదించెను.

ఎవరిమాట సరి? రెండు వాదములందును బలము కలదు. 1948 తరువాతి మూడేండ్లలో జరిగిన ప్రాణనష్టము మొదటి కాలమునకంటె చాల హెచ్చు. మొత్తము నాలుగువేలమంది కార్యకర్తలు, రైతులు హతులైరి. పదివేలమందిని శిబిరములలోను చెరసాలలలోను మూడునాలుగేండ్లు నిర్బంధించిరి. ఆంధ్ర జిల్లాలలోను అణచివేత సాగెను. కృష్ణాజిల్లా కాటూరు, యలమఱ్ఱు గ్రామములలో 1949 జూలైలో పోలీసులు గ్రామస్థులను వివస్త్రలను చేసి గాంధీ విగ్రహము చుట్టును త్రిప్పిన ఉదంతము నేటికిని ఆ ప్రాంతపు పెద్దలు మరువనిది. దళములు మైదానము విడిచి గోదావరి అడవులలోనికి, నల్లమలలోనికి పోవలసివచ్చెను. అచట కోయలు, చెంచులు వారికి అండగ నిలిచి, అందుకు తామును శిక్షలనుభవించిరి. వేగులవారని అనుమానించి దళములు చంపినవారును లేకపోలేదు. అట్టి చంపుటలలో కొన్ని తొందరపాటులని పోరాటమున పాల్గొన్నవారే తరువాత అంగీకరించిరి.

మరియొకవైపు చూడుడు. 1949 ఆగస్టున హైదరాబాదు జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. 1950లో కౌలుదారుల రక్షణ చట్టము వచ్చెను. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబాభావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి నూఱెకరములు దానము చేయగా భూదానోద్యమము పుట్టెను. ప్రభుత్వమునకు కౌలుదారునిపై హఠాత్తుగ అంత దయ కలుగుటకును, వినోబాజీ దేశమందలి అన్ని జిల్లాలను విడిచి ముందు నల్లగొండకు నడచి వచ్చుటకును కారణము వెదకుట కష్టము కాదు. అడవిలోని తుపాకి చప్పుడు లేనిచో సచివాలయమున ఆ చట్టముల కాగితము అంత వేగముగ కదలెడిది కాదు.

1951 ఆరంభమున రాజేశ్వరరావు, బసవపున్నయ్య, అజయఘోష్, డాంగే మాస్కో వెళ్లి స్టాలినును కలిసి సలహా తీసికొనిరి. అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటితమయ్యెను. వెనువెంటనే వచ్చిన సాధారణ ఎన్నికలలో నిషిద్ధ పార్టీ ప్రజాస్వామ్య కూటమి పేరుతో నిలిచి హైదరాబాదు శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమయ్యెను. పోరాటము కొనసాగరాదనిన రావి నారాయణరెడ్డియే నల్లగొండనుండి లోకసభకు నెహ్రూకంటె హెచ్చు ఓట్లతో ఎన్నికయ్యెను. చరిత్ర ఇట్లే వాదిప్రతివాదులను కలగాపులగము చేయుచుండును.

నాలుగేండ్ల అజ్ఞాతవాసమునుండి వెలికి వచ్చిన సుందరయ్య 1952లో మద్రాసు రాష్ట్రమునుండి రాజ్యసభకు ఎన్నికై అచట కమ్యూనిస్టు పక్షనాయకుడయ్యెను. పార్లమెంటు భవనమునకు సైకిలుపై వచ్చు ఈ సభ్యుని ద్వారపాలకులు మొదట గుర్తింపలేదని చెప్పుకొందురు. అది నిజమైనను కాకున్నను సైకిలు మాత్రము నిజము. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1955 ఎన్నికలలో ఆయన గన్నవరమునుండి శాసనసభకు గెలిచెను. ఆయన పార్టీ మాత్రము 196 స్థానములలో 15 మాత్రమే పొందెను, ఓట్లు సుమారు 31 శాతము వచ్చినను. అధికారము చేతికి వచ్చునని పార్టీ నమ్మిన ఎన్నిక అది. రెండేండ్లకే, 1957లో, తాను పార్టీలోనికి తెచ్చిన నంబూద్రిపాదు కేరళమున ఎన్నికలద్వారా ముఖ్యమంత్రియయ్యెను. సుందరయ్య ఏనాడును మంత్రి కాలేదు. ప్రతిపక్షనాయకునిగా నీటిపారుదల పథకములపై, కృష్ణా గోదావరుల నీటి లెక్కలపై ఆయన చేసిన ప్రసంగములకు ఇంజనీర్లుసైతము చెవియొగ్గెడివారు. భూమి పంచినవాడు నీటిని విడువడు గదా.

1956 నవంబరు 1న విశాలాంధ్ర ఏర్పడెను. పదేండ్లక్రితము వ్రాసిన పుస్తకపు సగము పేరు నిజమయ్యెను. రెండవ సగము, ప్రజారాజ్యము, కాలేదు. 2014 జూన్ 2న ఆ విశాలాంధ్రయు రెండు రాష్ట్రములయ్యెను. 1964లో పార్టీ చీలగా, కలకత్తా మహాసభలో మార్క్సిస్టు పార్టీకి సుందరయ్య ప్రథమ ప్రధానకార్యదర్శియయ్యెను. ఆ మహాసభ ముగిసిన కొలదికాలమునకే నిర్బంధింపబడి 1966 వరకు చెరలో నుండెను. 1967 తరువాత పార్టీలోని యువకులు కొందఱు నక్సల్బరీ మార్గమున వెళ్లిరి. వారు తెలంగాణపు పేరునే తలచుచు తుపాకి చేబట్టిరి. తెలంగాణమును నడిపిన సుందరయ్య వారిని సమర్థింపలేదు. జనము కదలక మునుపు ఆయుధము కదలరాదని ఆయన నమ్మకము. 1972లో ‘తెలంగాణా ప్రజల సాయుధ పోరాటము - గుణపాఠములు’ అను బృహద్గ్రంథమును వ్రాయుటకు ఈ వివాదము ముఖ్యకారణమని గ్రహింపవచ్చును. ఆ గ్రంథము గతమును గూర్చి వ్రాసినది. కాని వర్తమానముతో వాదించుటకు వ్రాసినది. చదువరి ఈ సంగతి మరువరాదు. అయినను అందులో ఊరూరి పేర్లు, పోయినవారి పేర్లు, తాలూకాలవారి లెక్కలు సేకరించి పెట్టిన శ్రమ మరియెవ్వరును చేయలేదు.

లెక్కలపై ఆయనకు గల ఆసక్తి వార్ధక్యమునను తగ్గలేదు. 1974లో గుంటూరు జిల్లా అనంతవరము గ్రామమున ఇంటింటికి తిరిగి ఎవరికెంత భూమి, ఎవరు కూలి, ఎవరు కౌలుదారు అని పట్టికలు వేయించెను. భూమిపై గరిష్ఠపరిమితి చట్టములు వచ్చినను భూమి కదలలేదని ఆ పట్టికలు తెలిపినవి. 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినపుడు ఆయన పార్టీ అనుసరించుచున్న విధానముతో విభేదించి ప్రధానకార్యదర్శి పదవికి రాజీనామా నిచ్చెను. అట్టి పదవిని అభిప్రాయభేదమువలన విడిచినవారు మన దేశమున పెక్కురు కనబడరు. పిమ్మట రాష్ట్ర పార్టీలో పనిచేయుచు, 1978లో మరల గన్నవరమునుండి గెలిచి 1983 వరకు శాసనసభ్యుడుగ నుండెను.

బెంగళూరు వాయవ్యమున తుమకూరు బాటపై 1970ల దశకమున రూపుదాల్చిన పీణ్య పారిశ్రామికవాడలో నేడు పనిచేయు తెలుగువారు పెక్కురు అనంతపురము, కర్నూలు, చిత్తూరు మొదలైన జిల్లాల పల్లెలనుండి వచ్చినవారు. వానలు లేక, పొలము చాలక ఊరు విడిచినవారే వారిలో హెచ్చు. వారికి సంఘమనగా యంత్రశాలలోని కార్మికసంఘము, బోనసు, ఓవర్‌టైము. నల్లగొండ రైతుకు సంగమనగా కోర్టు, పోలీసు, పంట కాపలా, పెండ్లిపెద్ద అన్నియును. ఒకే మాటకు రెండు తరములలో ఇంత భేదము కలుగుటకు మూలము భూమి ప్రశ్న పరిష్కారము కాకుండుటలోనే కలదని చెప్పవచ్చును. మాగాణి దక్కని కూలివాని మనుమడు ఊరిలో నిలువగల వాడా? సుందరయ్య అనంతవరపు పట్టికలు చదివినవారికి పీణ్యకు వచ్చు బస్సులెందుకు నిండియుండునో కొంత తెలియును.

సుందరయ్య తన జీవితకథను ‘విప్లవపథములో నా పయనము’ అను పేర చెప్పెను. అందు తన్నుగూర్చి చెప్పుకొనినదానికంటె తోడివారిని గూర్చి చెప్పినదే హెచ్చు. ఆయన తమ్ముడు డాక్టరు రామచంద్రారెడ్డి నెల్లూరిలో నడిపిన ప్రజావైద్యశాల పేదలకు పెన్నిధియయ్యెను. సుందరయ్య 1985 మే 19వ తేదీన మద్రాసులో మరణించెను. లీల 2003 వరకు జీవించిరి. హైదరాబాదు బాగలింగంపల్లిలోని విజ్ఞానకేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి. సుందరయ్య పోయిన ఏడాదియే, సెప్టెంబరు 10వ తేదీన, పాలకుర్తిలో ఐలమ్మయు కన్ను మూసెను.